న్యాయపీఠం మీద ఆరు శనివారాల బైబిల్ క్లాసు: వెళ్లొచ్చాక నా అభిప్రాయం

సికింద్రాబాద్‌లో ఒక పాత తెలుగు సంఘంవాళ్లు శనివారం సాయంత్రాలు ఆరు వారాల బైబిల్ క్లాసు పెట్టారు. అంశం ఒక్కటే. విశ్వాసి చివరికి క్రీస్తు న్యాయపీఠం ముందు నిలబడి లెక్క చెప్పడం, పరలోకంలో పొందే బహుమానం. మొదటి వారం నుంచి ఆఖరి వారం దాకా వెళ్లాను. వెళ్లదగ్గ క్లాసు. లోపాలున్నాయి, అవీ రాస్తాను. కానీ ఈ సంగతిని ఇంత నిదానంగా, భయపెట్టకుండా, అలాగని తేలిక చేయకుండా చెప్పడం నేను ఈ ఊళ్లో ఇంకెక్కడా వినలేదు.

సంఘం పేరూ, పాఠం చెప్పిన పాస్టరు అయ్యగారి పేరూ రాయడం లేదు. ఆయనే వద్దన్నారు. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు చుట్టుపక్కల సంఘాల్లో ప్రకటన చేయిస్తారు, తెలుస్తుంది.

నేను ప్రభుత్వ ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. ఉండేది వారాసిగూడలో. చిన్నప్పటి నుంచి సండే స్కూల్లో పెరిగినదాన్ని. న్యాయపీఠం గురించి ప్రసంగాలు వినకపోలేదు. అయితే విన్నవన్నీ రెండు రకాలే. ఒకటి, పరలోకంలో పెద్ద తెర కట్టి మన బతుకంతా సినిమాలా వేసి అందరికీ చూపిస్తారని గుండెలదరగొట్టేది. రెండోది, కానుకకు ముడిపెట్టేది. ఒక మైదానంలో పెట్టిన కూడికకు మా పక్కింటావిడ తీసుకెళితే అక్కడ రంగురంగుల కవర్లు పంచారు. ఏ రంగు కవరుకు ఎంత వెయ్యాలో, దానికి ఏ కిరీటం వస్తుందో మైకులో చెప్పారు. నా పక్కన కూర్చున్న ముసలావిడ చీర కొంగు ముడి విప్పి, మందులకు పెట్టుకున్న డబ్బు తీసి కవర్లో వేసింది. ఆపబోతే "దేవునికే కదమ్మా" అంది. ఆ రోజు నుంచి బహుమానం అన్న మాట వింటేనే నాకు మనసు చివుక్కుమనేది. అందుకే ఈ క్లాసుకు కూడా మొదటి వారం అనుమానంగానే వెళ్లాను.

ముందు వసతి సంగతులు. సాయంత్రం ఆరింటికి మొదలు అని రాశారు కానీ ఆరున్నర లోపు ఏ వారమూ మొదలవలేదు. ఊరి ట్రాఫిక్ వల్ల ఉప్పల్ నుంచీ అల్వాల్ నుంచీ వచ్చేవాళ్లు ఆలస్యమవుతారు, వాళ్ల కోసం ఆగుతారు. సమయానికి వచ్చినవాళ్లు ఊరికే కూర్చోవాలి. ఆ అరగంట రెండు కీర్తనలు పాడించినా బాగుండేది. హాలు గుడి వెనక ఉంది, పాత కట్టడం, ఎత్తైన పైకప్పు. ఎడమవైపు ఫ్యాన్లు బాగా తిరుగుతాయి, కుడివైపు తిరిగీ తిరగనట్టుంటాయి. మైకు కీచుమంటుంది. మూడో వారం అయ్యగారు మైకు పక్కన పెట్టేసి గొంతెత్తి చెప్పారు, అప్పుడే అందరికీ బాగా వినిపించింది. ఫీజు లేదు. పాఠం నోట్సు జిరాక్స్ తీసి ఇస్తారు. అక్షరాలు మరీ చిన్నవి. వచ్చేవాళ్లలో సగం మంది అరవై దాటినవాళ్లని తెలిసి కూడా అలా ఇవ్వడం సరికాదు. కళ్లజోడు పెట్టుకున్నా రిఫరెన్సులు చదవలేక పక్కవాళ్లను అడగాల్సి వచ్చింది. మధ్యలో చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. కానుక సంచి మాత్రం ఒక్క వారం కూడా తిప్పలేదు. ఇది నేను ప్రత్యేకంగా గమనించాను.

మొదటి వారం ఆధారం వేసుకోవడానికే సరిపోయింది. రెండో కొరింథీ (అపొస్తలుడు పౌలు కొరింథు సంఘానికి రాసిన రెండో ఉత్తరం) ఐదో అధ్యాయం పదో వచనం, రోమా పద్నాలుగో అధ్యాయం, ప్రకటన గ్రంథం ఇరవయ్యో అధ్యాయం, ఈ మూడూ పక్కపక్కన పెట్టి చదివించారు. "మనమందరమును క్రీస్తు న్యాయపీఠము ఎదుట ప్రత్యక్షము కావలయును" అని పౌలు రాసింది బయటివాళ్లకు కాదు, సంఘానికి. అందులో "మనమందరమును" అని తనను కూడా కలుపుకొన్నాడు. ఇంకోవైపు యోహాను సువార్త ఐదో అధ్యాయంలో, నమ్మినవాడు తీర్పులోకి రాడు, మరణంలోనుంచి జీవంలోకి దాటిపోయాడు అని ప్రభువే అంటున్నాడు. తీర్పు లేదంటే లెక్క ఎందుకు? లెక్క ఉందంటే రక్షణ ఖాయమని ఎలా చెప్పాలి? క్లాసంతా ఈ రెండు ప్రశ్నల మధ్యే నడిచింది.

దీనికి క్రైస్తవులందరూ ఒకే జవాబు చెప్పరు. అయ్యగారు ఇది దాచలేదు. విశ్వాసులకు క్రీస్తు న్యాయపీఠం వేరు, అవిశ్వాసులకు ధవళమైన మహా సింహాసనం వేరు, రెంటి మధ్య క్రీస్తు వెయ్యేళ్ల పరిపాలన ఉంటుంది అని మన ఊళ్లో బ్రదరెన్ సహవాసాల్లో, చాలా పెంతెకొస్తు సంఘాల్లో బోధిస్తారు. లూథరన్‌లు, ఆంగ్లికన్ మూలాల నుంచి వచ్చినవాళ్లు, కాల్విన్ సంప్రదాయంవాళ్లు ఎక్కువమంది కడవరి తీర్పు ఒక్కటేనని, సజీవులూ మృతులూ అందరూ అక్కడే నిలబడతారని చెప్తారు. విశ్వాస ప్రమాణంలో మనం ఆదివారం ఆదివారం చెప్పేది కూడా "సజీవులకును మృతులకును తీర్పు తీర్చుటకు" వస్తాడనే కదా. అయ్యగారు రెండో పక్షం. అయినా మొదటి పక్షం వాదనను వాళ్లే వచ్చి చెప్పినంత బాగా చెప్పారు. మా వెనక బెంచీలో కూర్చున్న బ్రదరెన్ తమ్ముడు ఒకరు "కరెక్టుగా చెప్పారండీ" అని తల ఊపడం విన్నాను. ఎదుటివాళ్ల నమ్మకాన్ని వంకర చేయకుండా చెప్పగలిగిన మనిషి తన నమ్మకం గురించి చెప్పినా వినాలనిపిస్తుంది.

రెండో వారం మొదటి కొరింథీ మూడో అధ్యాయం. ఆరింటిలో నాకు బాగా నచ్చిన పాఠం ఇదే. పునాది యేసుక్రీస్తు. దాని మీద ఒకరు బంగారం, వెండి, వెలగల రాళ్లతో కడతారు, ఇంకొకరు కఱ్ఱ, గడ్డి, కొయ్యకాలుతో (కోసిన పైరు మోళ్లతో) కడతారు. ఎవరి పని ఎలాంటిదో అగ్ని పరీక్షిస్తుంది. పని నిలిస్తే జీతం. కాలిపోతే నష్టం, కానీ మనిషి "అగ్నిలోనుండి తప్పించుకొన్నట్టు" రక్షింపబడతాడు. ఈ వాక్యం మీద నేను విన్న ప్రసంగాలన్నీ బెంచీల్లో కూర్చున్న మమ్మల్నే ఉద్దేశించినవి. అయ్యగారు అధ్యాయం మొదటి నుంచి చదివించారు. అక్కడ పౌలు మాట్లాడుతున్నది ఎవరి గురించి? తన గురించి, అపొల్లో అనే ఇంకో బోధకుడి గురించి. నేను పౌలువాణ్ని, నేను అపొల్లోవాణ్ని అని కొరింథువాళ్లు చీలిపోతుంటే, సంఘాన్ని కట్టే పనివాళ్ల గురించి రాసిన మాట అది. అంటే మొదటగా తగిలేది బోధకులకు. తర్వాతే మిగతా అందరికీ.

అది చెప్పి ఆయన యాకోబు మూడో అధ్యాయం తీయించారు. బోధకులమైన మనం మరి కఠినమైన తీర్పు పొందుతాం కాబట్టి మీలో అనేకులు బోధకులు కావద్దు అన్న వచనం. అది తానే చదివి, కాసేపు ఆగి, "ఈ వచనం నా మీద ఉంది, మీరు నాకోసం ప్రార్థన చెయ్యండి" అన్నారు. హాల్లో ఎవరూ మాట్లాడలేదు. రంగు కవర్లు పంచినవాళ్లు కూడా ఇదే బైబిలు చదువుతారు కదా అని నాకనిపించింది. జనాన్ని ఎంతమందిని పోగుచేశారన్నది కాదు, దేనితో కట్టారన్నది అడుగుతారట. గడ్డి తొందరగా లేస్తుంది, ఎత్తుగా కనిపిస్తుంది కూడా.

ఆ వారమే మెదక్ చర్చి ప్రస్తావన వచ్చింది. హైదరాబాద్‌లో తెలుగు క్రైస్తవుల ఇళ్లలో ఆ గుడి ఫోటో లేని ఇల్లు తక్కువ. కరువు రోజుల్లో మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు జనానికి పని కల్పించి, పనికి ఆహారం ఇచ్చి కట్టించిన గుడి. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. దొరగారి పేరు అందరికీ తెలుసు. తిండిగింజల కోసం ఆ రాళ్లు మోసినవాళ్ల పేర్లు మనలో ఎవరికి తెలుసు అని అడిగారు అయ్యగారు. వాళ్లలో క్రైస్తవులు ఎవరో, కానివాళ్లు ఎవరో కూడా మనకు తెలియదు. పిల్లల ఆకలి తీర్చడానికి తట్ట ఎత్తిన తల్లులు ఉండి ఉంటారు. "అంధకారమందలి రహస్యములను వెలుగులోనికి తెచ్చి" అని మొదటి కొరింథీ నాలుగో అధ్యాయంలో ఉంది కదా, ఆ వచనం చివర ఏముందో చదవమన్నారు. అప్పుడు ప్రతివాడికీ తగిన మెప్పు దేవుని వల్ల కలుగుతుంది అని ఉంది. మెప్పు! నేను ఆ వచనాన్ని ఎప్పుడూ బెదిరింపుగానే విన్నాను. రహస్యాలు బయటపడతాయి అన్న దగ్గర ప్రసంగాలు ఆగిపోయేవి. దాగిపోయిన మంచి కూడా బయటికొస్తుందని ఎవరూ చెప్పలేదు.

మూడో వారం చాయ్ తర్వాత ప్రశ్నల సమయం. ఒక ఆటో అన్న లేచాడు. ఖాకీ చొక్కాతోనే వచ్చాడు, బహుశా గిరాకీ మధ్యలో ఆపుకొని. "అయ్యగారూ, పొద్దుగాల ఐదింటికి బండి తీస్తా. రాత్రి పదైతది ఇంటికి పోయేసరికి. సువార్తకు పోను టైం లేదు, పాట రాదు, ప్రార్థన నడిపియ్యరాదు. ఆడ నాకేమన్న ఉంటదా?" అని అడిగాడు. గొంతులో బాధ ఉంది. అతను ఊరికే అడగలేదు.

అయ్యగారు వెంటనే జవాబు చెప్పలేదు. కొలస్సీ మూడో అధ్యాయం ఇరవై రెండో వచనం నుంచి అతన్నే చదవమన్నారు. అతను తడుముకుంటూ చదివాడు. దాసులారా, మీరేమి చేసినా మనుషుల కోసం కాక ప్రభువు కోసం అని మనస్ఫూర్తిగా చేయండి, ప్రభువు వల్ల స్వాస్థ్యాన్ని, అంటే వారసత్వాన్ని, ప్రతిఫలంగా పొందుతాము అని ఉంది అక్కడ. అప్పుడు అయ్యగారు అడిగారు: ఈ మాట పౌలు ఎవరికి రాశాడు? బానిసలకు. రోమా రాజ్యంలో బానిసకు ఆస్తి హక్కు లేదు, వారసత్వం లేదు. అలాంటివాళ్లకు స్వాస్థ్యం వస్తుందని రాశాడు. వాళ్లు చేసే పని ఏది? వంట, గిన్నెలు తోమడం, పొలం పని, పశువుల పని. ప్రసంగాలు కాదు. "మీటరు మీద ఒక్క రూపాయి ఎక్కువ అడగకుండా, ముసలివాళ్లు ఎక్కేదాకా ఓపిగ్గా ఆగి, నోరు పారేసుకోకుండా బండి నడిపితే, అది ప్రభువు లెక్కలో ఉంది అన్నా" అన్నారు. ఆటో అన్న కూర్చోలేదు, కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత "మీటరు సంగతి జర కష్టమే అయ్యగారూ" అన్నాడు. "కష్టమైంది గనకే లెక్కలో ఉంటుంది" అన్నారాయన.

ఈ ఒక్క సంభాషణ కోసమైనా ఆ క్లాసుకు వెళ్లొచ్చని నా అభిప్రాయం. ఎందుకంటే మన సంఘాల్లో బహుమానం అనగానే స్టేజీ మీద నిలబడేవాళ్లే గుర్తొస్తారు. వార్డులో నాతో పనిచేసిన ఆయమ్మలు గుర్తుకొచ్చారు నాకు. మలమూత్రాలు ఎత్తి, రోగిని తుడిచి, బట్ట మార్చి, ఎవరితోనూ థ్యాంక్స్ కూడా అనిపించుకోకుండా ఇంటికి పోయేవాళ్లు. చిన్నవారిలో ఒకరికి గిన్నెడు చన్నీళ్లు ఇచ్చినా ఫలం పోగొట్టుకోడని మత్తయి పదో అధ్యాయంలో ప్రభువు అన్నమాట వాళ్లకు ఎవరైనా చదివి వినిపించారా?

నాలుగో వారం కిరీటాలు. ఈ పాఠం నాకు అంతగా నచ్చలేదు. ఐదు కిరీటాల చార్టు గోడకు తగిలించారు. అక్షయమైన కిరీటం, అతిశయ కిరీటం, నీతి కిరీటం, జీవకిరీటం, వాడబారని మహిమ కిరీటం. ఒక్కోదానికి ఎవరు అర్హులో పక్కన రాశారు. ఇలా వరసగా పెట్టేసరికి వినేవాళ్లకు స్కూల్లో ఆటల పోటీ బహుమతుల బల్ల గుర్తొస్తుంది, నాకు ఏది, నీకు ఏది అని లెక్కలు మొదలవుతాయి. మా వరసలో ఇద్దరు అదే మాట్లాడుకున్నారు కూడా. నిజానికి జీవకిరీటమంటే నిత్యజీవమే ఆ కిరీటమని, అది నమ్మకంగా నిలిచిన అందరిదీ అని చెప్పే వ్యాఖ్యానకర్తలు చాలామంది ఉన్నారు. నీతికిరీటం కూడా నాకు మాత్రమే కాదు, ఆయన ప్రత్యక్షతను అపేక్షించే వారందరికీ అని పౌలే తిమోతికి రాశాడు. ఈ మాట అయ్యగారు చివర్లో రెండు వాక్యాల్లో చెప్పారు, మొదట్లో చెప్పి ఉండాల్సింది.

ఆ పాఠంలో బాగున్నది కొరింథు సంగతి. కొరింథుకు దగ్గర్లోనే ఇస్త్మియా ఆటలు జరిగేవి, రెండేళ్లకోసారి. పరుగులో గెలిచినవాడి తలకు పెట్టేది బంగారం కాదు, పైన్ ఆకులతో అల్లిన దండ. కొన్నాళ్లకు ఎండిపోతుంది. వాళ్లు క్షయమయ్యే కిరీటం కోసం అంత శ్రమపడుతున్నారు, మనం అక్షయమైనదాని కోసం అని పౌలు రాస్తే, ఆ ఊరివాళ్లకు అది కళ్లముందు కనిపించే విషయం. అలాగే న్యాయపీఠం కూడా. అపొస్తలుల కార్యములు పద్దెనిమిదో అధ్యాయంలో గల్లియో అనే అధిపతి ముందుకు పౌలును ఈడ్చుకెళ్లింది ఆ కొరింథులోనే. ఆ రాతి వేదిక తవ్వకాల్లో బయటపడింది, ఇప్పటికీ అక్కడుంది. ఆ ఫోటో చూపించారు. ఆ వేదిక ముందు ముద్దాయిగా నిలబడ్డ మనిషే తర్వాత ఆ ఊరివాళ్లకు క్రీస్తు న్యాయపీఠం గురించి ఉత్తరం రాశాడు. ఇది తెలిశాక ఆ వచనం చదివితే వేరుగా ఉంటుంది.

ఐదో వారం పెద్ద తెర సంగతి వచ్చింది. నేనే అడిగాను. ఎందుకు అడిగానో చెప్పాలి.

మా అత్తమ్మ చనిపోయే ముందు చాలా భయపడింది. అరవై ఏళ్లు గుడికి తప్పకుండా వెళ్లిన మనిషి. ఉపవాస ప్రార్థనలు, ఆదివారం తెల్లవారుజామునే లేచి గుడి ఊడవడం, అన్నీ చేసింది. ఆఖరి రోజుల్లో నా చెయ్యి పట్టుకొని "అందరి ముందర చూపిస్తరట కదనే. నా చిన్నప్పటి సంగతులు మీ మామకు, పిల్లలకు అన్నీ చూపిస్తరా?" అని అడిగేది. ఏ సంగతో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. లేదత్తమ్మా, యేసయ్య క్షమించాడు అంటే, "క్షమించిండు, కానీ చూపిస్తరంట, పాస్టరు చెప్పిండు" అనేది. మా ఆస్పత్రిలో ఎంతోమంది చావు చూశాను. అంత విశ్వాసం ఉన్న మనిషి అంత భయంతో వెళ్లడం నేను మరిచిపోలేను.

అయ్యగారు ఈ ప్రశ్నకు ఆ సాయంత్రం అంతా ఇచ్చారు. తెర అన్నది బైబిల్లో ఎక్కడా లేదు అని ముందు సూటిగా చెప్పారు. ప్రకటన ఇరవయ్యో అధ్యాయంలో గ్రంథాలు విప్పబడ్డాయి అని ఉంది, వాటితోపాటు జీవగ్రంథం అనే ఇంకో గ్రంథం కూడా విప్పబడిందని అదే వచనంలో ఉంది. రోమా ఎనిమిదో అధ్యాయం మొదటి వచనం: క్రీస్తుయేసునందున్నవారికి ఏ శిక్షావిధియు లేదు. హెబ్రీ ఎనిమిదో అధ్యాయం: వారి పాపాలను ఇకను ఎన్నడూ జ్ఞాపకం చేసుకొనను. దేవుడు జ్ఞాపకం చేసుకోనన్నదాన్ని ఎవరు తెర మీద వేస్తారు?

అంతటితో ఆపేస్తే అది ఓదార్పు మాట మాత్రమే అయ్యేది. ఆయన ఆపలేదు. "మంచివైనను సరే చెడ్డవైనను సరే" అని పౌలు రాసిన మాటను దాటిపోలేం అన్నారు. మన బతుకులో ప్రేమ లేకుండా గడిపిన ఏళ్లు, ఇవ్వగలిగి ఇవ్వని సాయం, పేరు కోసం చేసిన సేవ, ఇవి ఏమిటో అవి అక్కడ అలాగే కనిపిస్తాయి, వాటి విలువ వాటికి కట్టబడుతుంది. అది నష్టమే. శిక్ష కాదు, కానీ నష్టం నిజం. నేను ఆస్పత్రి మనిషిని కాబట్టి నాకిలా అర్థమైంది: నైట్ డ్యూటీ దిగేటప్పుడు హ్యాండోవర్ ఇస్తాం, ప్రతి బెడ్ దగ్గరా నిలబడి ఏం చేశామో ఏం మిగిల్చామో చెప్తాం, ఇవ్వని ఇంజక్షన్ ఇచ్చామని చెప్పలేం. ఉద్యోగం పోతుందని కాదు, ఆ రోగి మనకు అప్పగించిన మనిషి కాబట్టి. "మనలో ప్రతివాడును తన్నుగురించి దేవునికి లెక్క యొప్పగింపవలెను" అన్న వచనంలో "తన్నుగురించి" అన్నది గట్టిగా పట్టుకోమన్నారు అయ్యగారు. ఆ రోమా పద్నాలుగో అధ్యాయమంతా ఒకరికొకరు తీర్పు తీర్చుకోవద్దనే. నా లెక్క నాది, మా అత్తమ్మ సంగతులు నాకు చూపించే అవసరం దేవుడికి లేదు.

ఆ రాత్రి ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను. ఈ మాట చెప్పేవాళ్లు ఆవిడ బతికున్నప్పుడు దొరికి ఉంటే ఎంత బాగుండేది. తెర గురించి ప్రసంగాలు చేసేవాళ్లు మంచం పట్టిన ముసలివాళ్లు వింటున్నారని ఒకసారి ఆలోచించాలి. ఇది నేను కోపంతోనే రాస్తున్నాను.

ఆఖరి వారం అసలు ముడి: అందరికీ ఒకటే బహుమానమా, తేడాలుంటాయా? లూకా పంతొమ్మిదిలో యజమాని దాసులందరికీ వ్యాపారం చేయమని తలా ఒక మినా (అప్పటి డబ్బు లెక్క) ఇస్తే, ఒకడికి పది పట్టణాలు, ఇంకొకడికి ఐదు. తేడా ఉంది. మత్తయి ఇరవైలో ద్రాక్షతోట పనికి తెల్లవారి వచ్చినవాడికీ సాయంకాలం వచ్చినవాడికీ ఒకటే దేనారం, అంటే ఒక రోజు కూలి. తేడా లేదు. ఈ రెండూ చెప్పింది ప్రభువే. మరి మత్తయి ఇరవై ఐదులో తలాంతుల ఉపమానం? తలాంతు అంటే మనం పాటకో మాటకో వాడే మాట కాదు, దాదాపు ఆరువేల దేనారాలు, కూలివాడి ఇరవై ఏళ్ల సంపాదన. ఒక్క తలాంతు తీసుకున్నవాడికి కూడా తక్కువేం ఇవ్వలేదు. అన్నిటికన్నా ముఖ్యం, ఐదు సంపాదించినవాడికీ రెండు సంపాదించినవాడికీ యజమాని చెప్పిన మాట అక్షరం పొల్లు పోకుండా ఒకటే. "భళా, నమ్మకమైన మంచి దాసుడా." ఇరవై ఒకటో వచనం, ఇరవై మూడో వచనం పక్కపక్కన పెట్టి చూడండి. ఇన్నేళ్లు చదివినా నేను ఇది గమనించలేదు.

మన యోగ్యతలకు దేవుడు కిరీటం పెట్టినప్పుడు తానిచ్చిన వరాలకే కిరీటం పెడుతున్నాడని తొలినాటి సంఘ బోధకుడు అగస్టీను చెప్పిన సంగతి అయ్యగారు వివరించారు. ప్రకటన నాలుగులో ఇరవై నలుగురు పెద్దలు తమ కిరీటాలు సింహాసనం ముందు వేసేశారు. బహుమానం మన జేబులో పెట్టుకునేది కాదని దాంతో అర్థమైంది. రంగు కవర్ల వ్యాపారం అక్కడితో కూలిపోతుంది. కొనడానికి అక్కడ ఏమీ లేదు. ఎఫెసీ రెండో అధ్యాయంలో ఎనిమిది, తొమ్మిది వచనాలు కృప చేత రక్షణ, క్రియల వల్ల కాదు అంటే, పదో వచనం సత్క్రియలు చేయడానికే సృష్టింపబడ్డాం అంటుంది. మూడింటినీ కలిపి చదివే అలవాటు మనకు లేదు.

ఈ వారంలోనే పెద్ద లోపం కూడా జరిగింది. ఒక రోమన్ క్యాథలిక్ అక్క ఉత్తరించు స్థలం (పర్గెటరీ, పరలోకం చేరేముందు చనిపోయినవాళ్ల ఆత్మలు శుద్ధి పొందే స్థితి) గురించి అడిగారు. మొదటి కొరింథీ మూడులోని అగ్నిని క్యాథలిక్ సంఘం ఆ శుద్ధీకరణకు ఆధారంగా చూస్తుంది. మరణించిన వెంటనే ఒక్కొక్కరికి తీర్పు, లోకాంతంలో అందరికీ తీర్పు అని రెండూ వాళ్లు బోధిస్తారు. ఇంత ముఖ్యమైన ప్రశ్నకు "మనం అలా నమ్మం" అని రెండు నిమిషాల్లో ముగించేశారు. బ్రదరెన్‌వాళ్ల వాదన అంత మర్యాదగా చెప్పిన మనిషి ఇక్కడ తొందరపడ్డారు. ఆ అక్క తర్వాత మాట్లాడలేదు. చాయ్ దగ్గర నేను పలకరించాను, "పర్లేదండీ" అన్నారు కానీ మొహం చిన్నబోయింది. సమయం మించిపోయింది నిజమే, అయితే వేరే సంఘాలవాళ్లను పిలిచినప్పుడు వాళ్ల ప్రశ్నకు చోటు పెట్టుకోవాలి.

ఇంకో మాట. మా వీధిలో స్నేహితురాలు, హిందువు, నేను ఎక్కడికి వెళ్తున్నానో అడిగి, "మాకు చిత్రగుప్తుడు ఉన్నట్టు మీకూ లెక్క రాసేవాళ్లు ఉన్నారా?" అంది. మంచి ప్రశ్న. మన ఊళ్లో హిందువులు కర్మఫలం అంటారు, ముస్లిం పొరుగువాళ్లు హిసాబ్ రోజు అంటారు. లెక్క అన్న మాట అందరికీ తెలుసు. మన నమ్మకంలో తేడా ఎక్కడుందో, లెక్క అడిగేవాడే మన అప్పు తీర్చినవాడు అన్నది వాళ్లకు ఎలా చెప్పాలో ఒక వారం చెప్పి ఉంటే ఇంకా ఉపయోగపడేది. ఈ క్లాసులో దాని ఊసే రాలేదు.

ఎవరు వెళ్లాలి అంటే, సంఘంలో బోధించేవాళ్లు, సండే స్కూల్ టీచర్లు తప్పకుండా వెళ్లాలి. ఇంట్లో మంచం పట్టిన పెద్దవాళ్లున్న కోడళ్లు, కొడుకులు వెళ్లాలి. కుర్రవాళ్లు తక్కువమంది వచ్చారు. శనివారం సాయంత్రం వాళ్లకు కుదరకపోవచ్చు, ఆదివారం ఆరాధన తర్వాత పెడితే వస్తారేమో. సొంత బైబిలు తీసుకెళ్లండి, అక్కడ ఇచ్చేవి చాలవు. ఎడమవైపు ముందు వరసలో కూర్చోండి. మెట్రోలో వస్తే పార్కింగ్ బాధ ఉండదు, బండి పెట్టడానికి గుడి ఆవరణలో చోటు తక్కువ.

మత్తయి ఇరవై ఐదు చివర్లో గొఱ్ఱెలు, మేకల భాగం ఉంది కదా, నేను ఆకలిగొంటిని, రోగినై యుంటిని అన్నది, అలాంటివాళ్లకు చేసింది తనకే చేసినట్టని ప్రభువు చెప్పేది, దాన్ని ఆరు వారాల్లోనూ దాటవేశారు. ఈ అంశంలో అంతకన్నా కష్టమైన వాక్యం లేదని నా ఉద్దేశం. నీతిమంతులు "ప్రభువా, నిన్నెప్పుడు చూచితిమి" అని అడుగుతారు. బహుమానం కోసం చేసినవాళ్లైతే గుర్తుపెట్టుకునేవాళ్లు కదా. దీనికి ఒక వారం పూర్తిగా ఇవ్వమని, అక్షరాలు పెద్దవి చేయమని, క్యాథలిక్ అక్క ప్రశ్న మళ్లీ తీసుకోమని ఒక కాగితం మీద రాసి అయ్యగారికి ఇచ్చాను. చదివి, మడిచి బైబిల్లో పెట్టుకున్నారు. మళ్లీ పెడితే ఆ వారానికి నేను వెళ్తాను.